ఒకే స్పెల్లింగ్.. రెండు అర్థాలు: కట్టమంచి వారి జీవితంతో కొన్ని ఇంగ్లిష్ మాటలు

ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్ట్ గురించి చెప్పమన్నారు. మీరు చక్కగానే మొదలుపెట్టారు. వెబ్‌సైట్‌లో ఉన్న సమాచారం అనే అర్థంలో 'కంటెంట్' అన్నారు. మన దగ్గర అందరూ అలాగే అంటారు. కానీ ఇంగ్లిష్ చెవికి 'కంటెంట్' అంటే 'తృప్తిగా ఉన్న' అని అర్థం. సమాచారం అనాలంటే 'కాంటెంట్' అనాలి, అదీ 'కాం' మీద బరువు పెట్టి. స్పెల్లింగ్ మాత్రం రెండింటికీ ఒక్కటే.

మన ఊరి ఇంటర్వ్యూయర్ అయితే సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. ఫోన్‌లో అవతల విదేశీ క్లయింట్ ఉంటే ఒక్క క్షణం ఆగిపోతాడు. అలాంటి క్షణాలు నాలుగైదు అయ్యాయంటే, సబ్జెక్ట్ వచ్చిన అభ్యర్థి కూడా 'కమ్యూనికేషన్ వీక్' అనే గడిలో పడిపోతాడు.

ఇది యాస సమస్య అని మీరు అనుకుంటే పొరపాటే. యాస వేరు, బరువు వేరు. ఈ తేడా తెలియాలంటే మన జిల్లా మనిషి ఒకాయన కథ వినండి. మీది బంగారుపాళ్యం అయితే చిత్తూరు బస్సెక్కండి. పాతిక కిలోమీటర్లలోపే కట్టమంచి వస్తుంది. ఇప్పుడది చిత్తూరు పట్టణంలో కలిసిపోయింది. 1880 డిసెంబర్ 10న కట్టమంచి రామలింగారెడ్డి పుట్టింది అక్కడే. బయటి ప్రపంచానికి ఆయన సర్ సి.ఆర్.రెడ్డి.

మనకెందుకు తికమక?

తెలుగులో రాసింది రాసినట్టే చదువుతాం. 'కల' వేరు, 'కళ' వేరు. 'పలు' వేరు, 'పాలు' వేరు. పలుకు మారితే అక్షరమూ మారుతుంది. అందుకే స్పెల్లింగ్ ఒకటైతే ఉచ్చారణా ఒకటే అని మన మనసు ముందే తీర్మానించేస్తుంది.

మన సరిహద్దు వాళ్లకు దీనికి మందు చేతిలోనే ఉంది. మీలో తమిళం చదవగలిగిన వాళ్లు చాలామందే ఉంటారు. తమిళంలో ప, బ, భ అన్నింటికీ ఒకే అక్షరం. పాపం అనే అర్థమిచ్చే 'పావం', హావభావాల్లోని 'భావం' రాతలో ఒకేలా ఉంటాయి. చదివేవాడు సందర్భం చూసి పలుకుతాడు. ఇంగ్లిష్‌లో కూడా కొన్ని మాటల విషయంలో చేయాల్సింది అదే పని.

బంగారుపాళ్యం మామిడి యార్డునే తీసుకోండి. అక్కడికి వచ్చే పంట దిగుబడి 'ప్రాడ్యూస్'. మొదటి భాగం మీద బరువు. పండించడం అనే క్రియ 'ప్రడ్యూస్'. బరువు వెనక్కి పోయింది. బరువు పోయిన చోట అచ్చు నీరసించి చిన్న 'అ'లా మిగిలిపోతుంది. 'ప్రా' కాస్తా 'ప్ర' అయింది అందుకే. ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. ఎక్కువ జంటల్లో నామవాచకానికి బరువు ముందు, క్రియకు వెనక.

కట్టమంచి నుంచి కేంబ్రిడ్జ్‌కి

రెడ్డిగారు పుట్టేనాటికి చిత్తూరు జిల్లానే లేదు. ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణం. మన జిల్లా ఏర్పడింది 1911లో. ఆయన చిత్తూరులో హైస్కూలు చదువు ముగించి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. అక్కడ చదువుతూనే తెలుగులో 'ముసలమ్మ మరణం' కావ్యం రాశారు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా తన ప్రాణమిచ్చిన ఒక కోడలి కథ అది. 1900లో అచ్చయింది. ఆధునిక తెలుగు కవిత్వం గురించి మాట్లాడేవాళ్లు ఆ చిన్న పుస్తకాన్ని దాటి వెళ్లలేరు.

ఆ తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ వెళ్లి సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర చదివారు. అక్కడ 1815 నుంచి నడుస్తున్న చర్చావేదిక ఒకటుంది, కేంబ్రిడ్జ్ యూనియన్. ఆ యూనియన్‌కు వైస్ ప్రెసిడెంట్‌గా ఎన్నికైన మొదటి భారతీయుడు మన కట్టమంచి రెడ్డిగారే.

ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. పరీక్ష పేపర్ అయితే స్పెల్లింగ్ కాపాడుతుంది. చర్చావేదికలో స్పెల్లింగ్ ఎవరికీ కనపడదు, మాట నేరుగా చెవికే చేరుతుంది. 'ప్రెజెంట్' అని ముందు నొక్కితే బహుమతి, లేదా ఇప్పటి కాలం. 'ప్రిజెంట్' అని వెనక నొక్కితే సమర్పించడం. 'రెకార్డ్'లో 'రె' నొక్కితే నమోదైన విషయం. 'రికార్డ్'లో 'కా' నొక్కితే నమోదు చేయడం. గ్రూప్ డిస్కషన్‌లో మీ ముందున్నదీ అలాంటి వేదికే కదా.

ఇప్పుడు మీ ఫోన్‌లో స్పీకర్ బొమ్మ నొక్కితే మాట వినపడుతుంది. ఆయనకు ఆ వసతి లేదు. డేనియల్ జోన్స్ రాసిన ప్రసిద్ధ ఇంగ్లిష్ ఉచ్చారణ నిఘంటువు వచ్చిందే 1917లో. అప్పటికి రెడ్డిగారు చదువు ముగించి, తిరిగొచ్చి, మైసూరులో ఉద్యోగం చేస్తున్నారు.

అభ్యంతరం చెప్పిన మనిషి

ఇండియాకు వచ్చాక కొంతకాలం బరోడా కళాశాలలో, ఆ తర్వాత మైసూరు మహారాజా కాలేజీలో పనిచేశారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడటంలో ఆయన పాత్ర ఉంది. ఆ సంస్థానపు విద్యాశాఖకు అధిపతి కూడా అయ్యారు. 1921లో ఆ కొలువు వదిలేసి రాజకీయాల్లోకి వచ్చారు.

కోడింగ్ చేసేవాళ్లకు 'ఆబ్జెక్ట్' రోజూ కనిపించే మాట. 'ఆబ్' మీద బరువు పెడితే వస్తువు. వెనక్కి జరిపి 'అబ్జెక్ట్' అంటే అభ్యంతరం చెప్పడం. రెడ్డిగారి రాజకీయ జీవితాన్ని ఒక్క మాటలో చెప్పమంటే ఈ రెండోదే చెప్పాలి. ఆయన మొదట జస్టిస్ పార్టీలో ఉన్నారు. తర్వాత ఆ పార్టీ నాయకత్వంతో పొసగక విడిపోయారు. 1923 నవంబర్‌లో మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానానికి 44 ఓట్లు, వ్యతిరేకంగా 65. ఓడిపోయారు. కానీ భారత శాసనసభల చరిత్రలో అదే మొదటి అవిశ్వాస తీర్మానంగా చెబుతారు.

రాజీనామా

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ రెడ్డిగారే. మొదట బెజవాడలో నడిచిన ఆ సంస్థ తర్వాత వాల్తేరుకు చేరింది. కొత్త విశ్వవిద్యాలయాన్ని తన చేతుల మీద నిలబెడుతున్న కాలం అది.

అప్పుడే 1930 వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం విరుచుకుపడింది. రెడ్డిగారు కాంగ్రెస్ మనిషి కాదు. జైలుకు వెళ్లిన వాళ్లలో ఒకరూ కాదు. నోరు మూసుకుని ఉంటే పదవి భద్రం. ఆ అణచివేతకు నిరసనగా ఆయన రాజీనామా ఇచ్చారు.

ఇక్కడొక మాట చూడండి. 'రిజైన్' అంటే రాజీనామా చేయడం. మధ్యలో 'జ' శబ్దం. అవే అక్షరాల మధ్య చిన్న గీత పెట్టి 'రీ-సైన్' అని, 'స' పలికితే మళ్లీ సంతకం చేయడం, అంటే ఒప్పందం కొనసాగించడం. కాగితం మీద తేడా గీత ఒక్కటే. నోట్లో అయితే ఒకటి ఉద్యోగం వదిలేయడం, ఇంకోటి అందులోనే ఉండిపోవడం. పాత కంపెనీ ఎందుకు మానేశారని అడిగినప్పుడు ఈ శబ్దం మీద కాస్త జాగ్రత్త.

రెడ్డిగారి తర్వాత 1931లో ఆ కుర్చీలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో చదువుకున్న ఆయనా మన వైపు మనిషే. 1936లో రెడ్డిగారు మళ్లీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1949 వరకూ ఉన్నారు.

ఆ రెండో విడతలో యుద్ధం వచ్చిపడింది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి చదువులు ఆగకుండా నడిపించారు. యుద్ధం ముగిశాక మళ్లీ వాల్తేరుకు తెచ్చారు. 'డెజర్ట్' అని ముందు నొక్కితే ఎడారి. 'డిజర్ట్' అని వెనక నొక్కితే విడిచిపెట్టి పోవడం. భోజనం చివర తినే తీపికి ఇంకో 'ఎస్' ఎక్కువ, కానీ పలకడం మాత్రం ఈ రెండోదానిలాగే. రెడ్డిగారు ఊరు మార్చారే గానీ సంస్థను విడిచిపెట్టలేదు.

తెలుగును వదల్లేదు

ఇంగ్లిష్ గట్టిగా వస్తే తెలుగు పలచబడుతుందని కొందరి భయం. తెలుగు మీడియంలో చదివాం కాబట్టి ఇంగ్లిష్ రాదని ఇంకొందరి భయం. రెడ్డిగారి జీవితం ఈ రెంటికీ సమాధానం. కేంబ్రిడ్జ్ నుంచి వచ్చాక 1914లో తెలుగులో 'కవిత్వతత్త్వ విచారము' తెచ్చారు. పింగళి సూరన కావ్యాలను కొత్త కంటితో పరిశీలించిన ఆ పుస్తకం తెలుగు సాహిత్య విమర్శకు మలుపు. అర్థశాస్త్రం మీదా తెలుగులోనే పుస్తకం రాశారు. 1942లో ఇంగ్లిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

మీరు చేయాల్సింది

లండన్ యాస తెచ్చిపెట్టుకోవద్దు, అది ఎవరికీ అక్కర్లేదు. మన చిత్తూరు పలుకుబడితోనే బరువు సరైన చోట పెట్టండి, చాలు.

డిక్షనరీ యాప్‌లో ఉచ్చారణ దగ్గర, పైన చిన్న నిలువు గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీత తర్వాత వచ్చే భాగం మీదే బరువు. నామవాచకం, క్రియ రెండింటి దగ్గరా ఆ గీత ఎక్కడుందో చూడండి. గుడ్డిగా సూత్రం పట్టుకోవద్దు. 'రిపోర్ట్', 'సపోర్ట్' లాంటివి ఎలా వాడినా బరువు వెనకే.

బరువుతో పని లేకుండా శబ్దమే మారే మాటలూ ఉన్నాయి. టీమ్‌ను నడిపితే 'లీడ్', సోల్డరింగ్‌లో కలిసే సీసం 'లెడ్'. నిమిషం 'మినిట్', అతి సూక్ష్మం 'మైన్యూట్'. తలుపు మూస్తే 'క్లోజ్', దగ్గరగా ఉంటే 'క్లోస్'. మీరు పంపే బయోడేటా 'రెజ్యుమే', ఆపిన పనిని తిరిగి మొదలుపెడితే 'రిజ్యూమ్'.

ఇప్పుడు మీ బయోడేటా తీయండి. అందులో ఇలాంటి మాటలు ఎన్నున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ప్రాజెక్ట్, కాంటెంట్, రెకార్డ్, లీడ్, ఆబ్జెక్ట్.. పదికి మించవు. రోజుకు రెండు చొప్పున, ఒక్కో మాటతో రెండేసి వాక్యాలు పైకి చదివి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. వారం తిరిగేలోపు మీ చెవే మీకు తప్పొప్పులు చెబుతుంది.

కాలేజీ నుంచి తెచ్చుకున్న సర్టిఫికెట్ పేరు కూడా ఒకసారి సరిగ్గా పలకండి. అది 'కండక్ట్' కాదు, 'కాండక్ట్'. 'కండక్ట్' అంటే నిర్వహించడం. 'కాండక్ట్' అంటే నడవడిక. 1930లో రెడ్డిగారు రాసిచ్చిన రాజీనామాలో కనిపించేది ఈ రెండోదే.