చిన్న తెరేసమ్మ చదివిన బడి

క్రిస్మసు, కొత్త సంవత్సరం దాటాయంటే ఉప్పల్, నాచారం వైపు కతోలిక కుటుంబాలలో ఒకటే చర్చ. పిల్లను సిస్టర్ల బడిలో వేయడమా, పబ్లిక్ స్కూలులో వేయడమా, లేక సర్కారు బడికి పంపడమా? ఈ పబ్లిక్ అన్న మాట మన దగ్గర కొంత తికమక పెడుతుంది. రామంతాపురంలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలు గాని, నాచారంలోని ఢిల్లీ పబ్లిక్ స్కూలు గాని ఫీజు కట్టి చదివించే బడులే. అందరిదీ అనదగినది జిల్లా పరిషత్ హైస్కూలు. 2022-23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ బడులలో కూడా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు గనుక, ఇంగ్లీషు కోసమే మిషన్ బడికి పంపుతున్నాము అనే మాటకు మునుపటి బలం లేదు. ఇక మిగిలినవి విశ్వాసం, క్రమశిక్షణ, పిల్ల స్వభావం.

ఉప్పల్‌లో మోంట్‌ఫోర్ట్ సహోదరుల లిటిల్ ఫ్లవర్ జూనియర్ కళాశాల బోర్డు మనలో చాలామంది చూసినదే. ఆ చిన్న పుష్పం లిసియు పట్టణపు పునీత తెరేసమ్మ అని విశ్వాసులకు వేరే చెప్పనక్కరలేదు. ఆమె ప్రార్థన గురించి, గులాబీల గురించి ప్రసంగాలలో ఎంతో విన్నాము. ఆమె బడి చదువు గురించి మాత్రం అంతగా వినలేదు. బిడ్డల చదువు గూర్చి తర్జనభర్జన పడే తలిదండ్రులు తెలుసుకోదగిన భాగం అదే.

తెరేసమ్మ 1873 జనవరి 2న ఫ్రాన్సు దేశంలో అలెన్సోన్ పట్టణంలో జన్మించింది. తండ్రి లూయీ మార్టిన్‌గారు గడియారాల పనివారు, తల్లి జెలీగారు ఆ ఊరికి పేరు తెచ్చిన లేసు అల్లికల వ్యాపారం నడిపేవారు. తొమ్మిదిమంది పిల్లలు పుట్టగా దక్కినవారు అయిదుగురు ఆడపిల్లలు. దినదినమూ దివ్యబలిపూజకు వెళ్ళే ఆ దంపతులు పెద్దకుమార్తెలు మరీ, పౌలీన్‌లను ల మాన్స్ పట్టణంలో విజిటేషన్ సభ మఠం బడిలో ఉంచి చదివించారు. జెలీగారి అక్కగారు ఆ మఠంలోనే కన్యస్త్రీ. ఆ ఇద్దరూ చక్కగా చదువుకొని వచ్చారు. మూడవ కుమార్తె లియోనీని కూడా అక్కడికే పంపారు. ఆమె నిలువలేదు. కొన్ని నెలలకే ఇంటికి పంపివేశారు. మరల చేర్పించినా అదే జరిగింది. అదే బడి, అదే పెద్దమ్మగారు, ఒకే తల్లి బిడ్డలు!

1877 ఆగస్టు 28న జెలీగారు రొమ్ము పుండుతో మరణించారు. తెరేసకు అప్పటికి నాలుగున్నర ఏండ్లు. తండ్రి పిల్లలను తీసుకొని మేనమామగారున్న లిసియుకు మారారు. ఎనిమిదేండ్లు దాటేవరకు తెరేసకు ఇల్లే బడి, అక్క పౌలీనే పంతులమ్మ. సాయంత్రాలు కుటుంబమంతా కూర్చొని పండుగలను, పూజాకాలాలను వివరించే పుస్తకం చదువుకొనేవారు. తరువాత చిన్నది తండ్రి ఒడి చేరి పాటలు వినేది. ఆమె విశ్వాసానికి పునాది ఏ తరగతి గదిలోనూ పడలేదని గమనించాలి.

1881 అక్టోబరులో ఆమెను లిసియులోనే బెనెడిక్టు సభ కన్యస్త్రీల బడిలో చేర్చారు. పగలంతా అక్కడ ఉండి సాయంత్రం ఇంటికి రావడం. సరిగ్గా ఆ రోజులలోనే ఫ్రాన్సు దేశమంతా బడుల తగవు రగులుతున్నది. మంత్రి జూల్ ఫెర్రీ 1881లో సర్కారు ప్రాథమిక బడులలో ఫీజు తీసివేశారు. 1882 మార్చి 28 నాటి చట్టం ఆరు నుండి పదమూడేండ్ల పిల్లలకు చదువు నిర్బంధం చేసి, సర్కారు బడులలో మతబోధ మాన్పించింది. మఠం బడికి గాని, ఇంటి చదువుకు గాని ఆ చట్టం అడ్డు చెప్పలేదు. మార్టిన్‌గారి వంటి కుటుంబంలో ఏ బడి అన్న ప్రశ్నే పుట్టి ఉండదు.

చదువులో ముందుండడం వలన తెరేసను తనకంటె పెద్ద పిల్లల తరగతిలో కూర్చోబెట్టారు. దాదాపు ఎప్పుడూ మొదటి స్థానం ఆమెదే. అందుకు పదమూడు, పద్నాలుగేండ్ల పిల్ల ఒకతె అసూయపడి ఆమెను వేధించేది. తెరేస ఎవరితోనూ చెప్పుకోక చాటుగా ఏడ్చేది. ఆటలు చేతకావు. విరామ సమయంలో చిన్నపిల్లలను చేరదీసి కథలు చెప్పేది, చెట్ల కింద దొరికిన చచ్చిన పిట్టలకు సమాధులు కట్టేది. జ్ఞానోపదేశంలో మాత్రం ఆమెకు సాటి లేరు. బడి గురువులు ఆబె దొమేన్‌గారు ముద్దుగా ఆమెను తన చిన్న పండితురాలు అనేవారు. 1884 మే 8న మొదటి దివ్యసత్ప్రసాదం అందుకొన్నది ఆ మఠం గుడిలోనే. అయితే ఆయత్తపరచినవారిలో ఇంటివద్ద అక్క మరీ, అప్పటికే కార్మెల్ మఠంలో చేరిన పౌలీన్ కూడా ఉన్నారు.

ఆ బడి చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. సెలీన్ అక్కడే ధైర్యంగా చదువుకొని, చెల్లెలిని కాచుకొన్నది. ఆమె చదువు 1885లో ముగిసింది. ఒంటరియైన తెరేసకు తలనొప్పులు, అతి పాపభీతి ఎక్కువయ్యాయి. 1886 తొలి నెలలలో తండ్రి ఆమెను బడి మాన్పించారు. అప్పటికి ఆమెకు పదమూడేండ్లు. ఆ అయిదేండ్లు తన జీవితంలో అతి దుఃఖకరమైనవని తరువాత ఆమె తన ఆత్మకథలో రాసుకొన్నది.

మార్టిన్‌గారి విశ్వాసాన్ని ఎవరూ శంకించలేరు. ఆయనను, జెలీగారిని 2015 అక్టోబరు 18న పునీతులుగా ప్రకటించారు. అటువంటి తండ్రి కన్యస్త్రీల బడి నుండి బిడ్డను తెచ్చుకోవడం విశ్వాసానికి ద్రోహమనుకోలేదు. మన విచారణలలో కొందరు తలిదండ్రులు నాచారంలో ఇతర బడికి పంపినందుకు తలవంచుకొని తిరుగుతారు. శ్రీసభ బోధ వారు వినడం మంచిది. బిడ్డలకు మొదటి గురువులు తలిదండ్రులే అని 1965లో వతికాను మహాసభ చెప్పింది. కతోలిక విద్యనిచ్చే బడికి పంపమనీ, అది వీలుకాకపోతే బడి వెలుపల తగిన కతోలిక బోధ అందేలా చూడమనీ 1983 నాటి శ్రీసభ చట్టం 798వ నియమం తలిదండ్రులను ఆదేశిస్తుంది. రెండవ భాగం మొదటిదానికంటె తేలిక అనుకోరాదు. ఆదివారం ట్యూషన్ పెట్టి జ్ఞానోపదేశం మాన్పించే ఇంట్లో పిల్ల ఏ బడికి పోయినా ఒకటే.

తెరేస తరువాత వారానికి కొన్నిసార్లు మదాం పాపినో అనే ఆవిడ ఇంటికి వెళ్ళి పాఠాలు చెప్పించుకొన్నది. పాత సామాను నిండిన ఆ గదికి వచ్చిపోయేవారు ఎక్కువ. పిల్ల అందాన్ని వారు మెచ్చుకొంటుంటే పుస్తకంలో తల దూర్చిన తెరేస చెవులకు అంతా వినబడేది. గర్వం ఎంత సులభంగా లోపలికి వస్తుందో అప్పుడు తెలిసిందట. ఒక చోట ఏడుపు, ఒక చోట పొగడ్త. 1886 క్రిస్మసు రాత్రి ఆమె మనసుకు ధైర్యం వచ్చింది. ఆపైన చరిత్ర, విజ్ఞాన శాస్త్రాల పుస్తకాలు తనంతట తానే పట్టి, బడిలో గడిపిన ఏండ్లలో కంటె ఎక్కువ కొన్ని నెలలలోనే నేర్చుకొన్నది.

1888 ఏప్రిల్ 9న, పదిహేనేండ్లకే, కార్మెల్‌లో చేరింది. 1893 నుండి నవశిష్యురాండ్ర శిక్షణలో సాయపడుతూ, ఏ ఇద్దరినీ ఒకే తీరున నడిపించలేమని గ్రహించింది. 1897 సెప్టెంబరు 30న క్షయతో మరణించింది. 1925లో పునీతురాలైంది. పదమూడేండ్లకు బడి మానిన ఆమెను 1997 అక్టోబరు 19న శ్రీసభ పండితురాలిగా రెండవ జాన్ పాల్ పోపుగారు ప్రకటించారు. స్త్రీలలో ఆ గౌరవం పొందినవారిలో ఆమె మూడవది.

ల మాన్స్ బడి రెండుసార్లు తిప్పి పంపిన లియోనీ సంగతి మిగిలింది. మఠాలలో చేరడం, తిరిగి రావడం చాలాసార్లు జరిగాక 1899లో కాన్ పట్టణంలో, అదే విజిటేషన్ సభలో చేరింది. 1941లో కన్ను మూసేవరకు అక్కడే ఉన్నది.