సంక్షేమానికి సొమ్ము ఎక్కడిది? అంబేద్కర్ చూపిన లెక్క

బాబాసాహెబ్ అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా తలచుకున్నంతగా ఆర్థికవేత్తగా తలచుకోం. 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన ఆయన కొలంబియాలో, లండన్‌లో ప్రధానంగా చదివింది అర్థశాస్త్రమే. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాలపై ఆయన రాసిన పుస్తకం 1925లో వెలువడింది.

1927లో బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టగానే బడ్జెట్‌ను నిలదీశారు. ఆదాయపు పన్నులో చిన్న సంపాదనకు మినహాయింపు ఉన్నప్పుడు, భూమిశిస్తులో ఎకరం రైతునూ పెద్ద భూస్వామినీ ఒకే గాట కట్టడం ఏం న్యాయమని అడిగారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ మహిళల ప్రసూతి భృతి బిల్లును సమర్థించారు. తల్లికి విశ్రాంతి దొరికితే సమాజానికే మేలు కాబట్టి ఆ ఖర్చులో ప్రభుత్వమూ పాలుపంచుకోవాలన్నది ఆయన వాదన.

కూలి మార్కెట్‌లో కులం ఎలా పనిచేస్తుందో ఆయనకు బాగా తెలుసు. తెగిన దారాన్ని నోటితో తడిపి ముడివేయాలి కాబట్టి, అంటు పేరుతో బొంబాయి మిల్లుల నేత విభాగాల్లోకి దళితులను రానిచ్చేవారు కాదు. మంచి జీతం ఉన్నది అక్కడే. కార్మిక సంఘాల ముందు ఆయన ఈ ప్రశ్న పెట్టారు.

1942 జులైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ బాధ్యత చేపట్టారు. ఆయన హయాంలోనే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. 1944లో బొగ్గు గనుల కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. గనుల నుంచి తరలే బొగ్గుపై సెస్సు వేసి ఆ డబ్బుతో ఇళ్లు, వైద్యం, తాగునీరు అందించాలన్నది ఏర్పాటు. ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 1946లో 48కి తగ్గించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన ప్రవేశపెట్టిన కనీస వేతనాల బిల్లు 1948లో చట్టమైంది. దాని షెడ్యూలులో వ్యవసాయ పని కూడా చేరింది.

ఆ పదవి ఆయన చేతులనూ కట్టేసింది. యుద్ధకాలపు బొగ్గు కొరతతో, భూగర్భ గనుల్లో మహిళల పనిపై ఉన్న నిషేధాన్ని 1943లో ప్రభుత్వం ఎత్తేసింది. సభలో ఆ నిర్ణయాన్ని సమర్థించాల్సి వచ్చింది ఆయనే. 1946లో నిషేధం తిరిగి అమలైంది.

1947లో రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు'లో ఇంకో అడుగు ముందుకు వేశారు. బీమా ప్రభుత్వం చేతిలోనే ఉండాలని, ప్రతి వయోజనుడూ తన వేతనానికి తగ్గ జీవిత బీమా తీసుకోవాలని ప్రతిపాదించారు. కార్మికుడికి భద్రత, ప్రభుత్వ ప్రణాళికలకు పెట్టుబడి రెండూ అందులోంచే వస్తాయన్నది లెక్క.

1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. పేదల పథకాలను ఉచితాలని, అవి కూలీలను సోమరులను చేస్తాయని వెక్కిరించే మాటలు నేడూ వింటున్నాం. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాధించుకున్న ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం మాత్రం బడ్జెట్‌లో జనాభాకు తగ్గ వాటాను హక్కుగా అడిగింది. పన్ను ఎవరి నుంచి వస్తోంది, ఖర్చు ఎవరి మీద పెడుతున్నారు అని బడ్జెట్ పుస్తకం తెరిచి అడగడం అంబేద్కర్ నేర్పిన పనే. దాన్ని మనం వదలకూడదు.