ఫిరదౌసి పక్షాన నిలిచిన పల్నాటి కవి

గజనీ మహమ్మదు అనగానే మీకు కొల్లగొట్టిన దేవాలయాలే గుర్తుకు వస్తాయి కదూ? 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువ ఆ కొల్లను దాచలేదు. కాని 1932లో 'ఫిరదౌసి' కావ్యం వ్రాస్తూ, పద్యానికొక బంగారు నాణెమని నమ్మించి ఆ సుల్తాను వెండి నాణెములు పంపిన ముస్లిం కవి పక్షాన నిలిచారు. ఒక్కని దౌర్జన్యాన్ని అతని మతస్థులందరికీ అంటగట్టలేదు.

హైందవ గాథలు వ్రాశారని ఆయనను వెలివేసినవారు మన క్రైస్తవులే సుమా! అంటరానివాడని అవమానించినవారు మరికొందరు.

నరసరావుపేటలోనో మాచర్లలోనో మతద్వేషపు మాటలు చెవినబడితే, పొరుగు సాయిబుగారితో కూర్చుని ఈ కావ్యం చదవండి, వారేమంటారో వినండి.

జాషువగారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1971లో గుంటూరులో కన్నుమూశారు.