దేవ్‌లాలీ లెక్కల మాస్టారు

పరీక్షకు అక్కరకు రాని లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. ఏళ్ల తరబడి నోటుబుక్కులో రాసుకున్న సంఖ్యల వింతలన్నీ మొన్న వేసవిలో కృత్రిమ మేధకిచ్చి వరస పెట్టమన్నాను. ఆ పుస్తకంలో మొదటి పేజీ కాప్రేకర్ మాస్టారిది.

దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1905లో మహారాష్ట్రలోని దహానులో పుట్టారు. ఎనిమిదో ఏటనే తల్లి పోయింది. పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివారు. 1930 నుంచి 1962 దాకా నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగానే ఉండిపోయారు. ఎమ్మే లేదు, పరిశోధన పట్టా లేదు. మన పండితులు ఆయన్ని పెద్దగా పట్టించుకోలేదు.

6174 మహిమ ఆయన కనిపెట్టిందే. అన్నీ ఒకే అంకె కాని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకోండి. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి, తీసివేయండి. మూడంకెలే వస్తే ముందు సున్నా చేర్చండి. మళ్లీ అలాగే. ఏడు మెట్లు దాటకుండా 6174 తగుల్తుంది. 3524తో మొదలెడితే 3087, 8352, 6174. దీన్ని 1949లో మద్రాసు గణిత సభలో చెప్పారు. 1975లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ రాశాకే నలుగురికీ తెలిసింది. 1986లో మాస్టారు పోయారు.

స్వయంభూ సంఖ్యలూ ఆయనవే. ఏ సంఖ్యకూ దాని అంకెల్ని కలిపితే రానిది స్వయంభువు. 20 అలాంటిది. యంత్రం నిమిషంలో నా పుస్తకమంతా ముచ్చటగా సర్దింది గానీ, 21ని కూడా స్వయంభువుల్లో వేసింది. 15కు ఒకటీ అయిదూ కలిపితే 21 కాదూ! నేనూ ముందు నమ్మేశాను. కంప్యూటర్లు లేని రోజుల్లో ఆ పంతులుగారు ఎన్ని కాగితాలు నింపి ఉంటారో అనిపించి సిగ్గేసింది.

ఇప్పుడు ఒక్కో వరసా చేత్తో సరిచూస్తున్నాను. పన్నెండు పేజీలయ్యాయి, ఇంకా ఎనిమిదున్నాయి. తోడొచ్చేవాళ్లు సాయంత్రం లెక్కల డిపార్టుమెంటు వరండాలోకి రండి.