దారంతో తెలుగును కట్టిన దొర

బ్రౌన్ దొర అంటే మనకందరికీ నిఘంటువే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈ మధ్య ఆయన పుస్తకాలు కుట్టించిన సంగతే ఎక్కువగా గుర్తొస్తా ఉంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టినాడు. 1817లో మద్రాసు వచ్చి తెలుగు మొదలుపెట్టి, 1820లో కడపలో ఉద్యోగానికి చేరినాడు. మన బాగేపల్లి దాటితే కదిరి, ఆ పక్కనే వేమన సమాధి ఉన్న కటారుపల్లి. ఆ వేమన పద్యాలను ఏరి, ఇంగ్లీషు చేసి 1829లో అచ్చు వేయించినాడు. మన కైవారం తాతయ్య కాలంలోనే ఇదంతా జరిగింది.

ఆనాడు కావ్యాలన్నీ ఇండ్లలో తాటాకుల మీద ఉండేవి. ఒక్కో ప్రతిలో ఒక్కో తప్పు. బ్రౌన్ ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, కడపలో తన బంగళాలోనే పండితులను పెట్టి, సరిపోల్చి, కాగితం మీద శుద్ధప్రతి రాయించి బైండు చేయించినాడు. జీతాలు తన జేబులోంచే. అప్పులూ అయినాయి. 1835లో ఇంగ్లండు పోయినప్పుడు కూడా ఊరికే ఉండలేదు. లండన్‌లో కుంపిణీ లైబ్రరీలో పడి ఉన్న తెలుగు ప్రతులు మద్రాసుకు తిరిగొచ్చేటట్టు చేసినాడు. తన సేకరణను మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేసినాడు. అవన్నీ ఇప్పుడు చెన్నైలో ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. నిఘంటువు 1852లో వచ్చింది. 1884లో లండన్‌లో పోయినాడు.

కాగితాలు విడిగా ఉంటే ఏమవుతుందో మన లైబ్రరీ అక్కవాళ్ళు బైండింగ్ నేర్చుకునేటప్పుడు పక్కన కూచుంటే తెలిసింది. ముందు పాత జిగురు గీకాల, ఫారాలు వరసగా పేర్చాల, మడత మధ్యలో దబ్బనంతో పొడిచి దారం లాగాల. మైదా గంజిలో కొంచెం మైలుతుత్తం కలిపితే పురుగు రాదు. (చెయ్యి కడుక్కోకుండా టిఫిన్ బాక్సు ముట్టొద్దు, అది విషం!) పండితుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి గానీ, ఆ ప్రతులను కుట్టిన చేతుల గురించి ఎవరూ మాట్లాడరు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

మన డిపార్టుమెంటు బీరువాలో బ్రౌన్ నిఘంటువు పునర్ముద్రణ ఒకటుంది. వీపు ఊడింది. ఎవరో సెల్లోటేపు వేసినారు, దాని కింద కాగితం పచ్చబడిపోయింది. వచ్చే వారం దాన్ని విప్పి కుడతాం. ‘ప’ అక్షరంలో కొన్ని పుటలు లేవు. బాగేపల్లి, చింతామణి నుంచి వచ్చేవాళ్ళ ఇండ్లలో ఎవరి దగ్గరైనా ఆ నిఘంటువు ఉంటే, ఒక్కరోజు తెండి. జిరాక్సు తీసుకొని ఇచ్చేస్తాం.