కాగితాల్లేకుండా కలకత్తాలో దిగిన కేరీ

విలియం కేరీ పేరు చర్చికి వెళ్లే తెలుగువాళ్లకు కొత్త కాదు. చెప్పులు కుట్టే కుర్రాడు మిషనరీ అయిన కథ సండే స్కూల్లోనే వింటాం. శ్రీరాంపూర్ ప్రెస్సు, బైబిలు అనువాదాలు, కాలేజీ... అన్నీ చెబుతారు. ఇంగ్లండు నుంచి వచ్చి కలకత్తాలో దిగాక గడిచిన తొలి ఏడాది గురించి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పరాయి దేశంలో బతుకుతున్న మనకు ఎక్కువ తెలిసిన బాధ ఆ ఏడాదిలోనే ఉంది.

కేరీ 1761లో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టాడు. ఇరవై ఏళ్లు నిండకుండానే 1781లో డరోతీతో పెళ్లయింది. ఆమెకు చదువు లేదు. పెళ్లి రిజిస్టర్‌లో సంతకం బదులు గుర్తు పెట్టింది. ఆయనకేమో భాషల పిచ్చి. తోలు పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. తర్వాత బాప్టిస్టు పాస్టరయ్యాడు. 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో కొందరు పాస్టర్లు కలిసి మిషనరీ సంఘం పెట్టారు. మొదటిరోజు రాసుకున్న చందా మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. అంతే!

బెంగాల్లో ఉండి వచ్చిన జాన్ థామస్ అనే ఓడ డాక్టరు కేరీకి జతయ్యాడు. మనసున్న మనిషే గానీ చేతిలో డబ్బు నిలవదు. అప్పులవాళ్లు ఆయన కోసం వెతుకుతున్నారు.

డరోతీ రానంది. అప్పుడామె నెలలు నిండిన మనిషి, ఇంట్లో ముగ్గురు మగపిల్లలు. ఫ్రాన్సుతో యుద్ధం కూడా మొదలైంది. పాత జీవిత చరిత్రల్లో కొన్ని ఆమెను మొండిదని రాశాయి. అందులో మొండితనం ఏముందో మాకైతే అర్థం కాదు. కేరీ పెద్దకొడుకు ఫెలిక్స్‌ను వెంటబెట్టుకుని 1793 ఏప్రిల్‌లో ఓడెక్కాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ లైసెన్సు లేనిదే ఇంగ్లిషువాళ్లకు కూడా బెంగాల్లో ఉండే హక్కు లేదు. మిషనరీలకు కంపెనీ లైసెన్సు ఇచ్చేది కాదు. ఓడ ఇంగ్లండు తీరం దాటకముందే కెప్టెన్‌కు ఈ సంగతి హెచ్చరికగా అందింది. సామానుతో సహా దింపేశాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి డరోతీ ఒడిలో కొన్ని వారాల పసికందు. పేరు జబెజ్. ఈసారి థామస్ బతిమాలగా, చెల్లెలు కిట్టీ తోడొస్తేనే వస్తానని ఒప్పుకుంది. జూన్ 13న డోవర్‌లో డెన్మార్క్ ఓడ ఎక్కారు. కంపెనీ లైసెన్సు అడగని ఓడ అది. అయిదు నెలల ప్రయాణంలో కేరీ థామస్ దగ్గర బెంగాలీ నేర్చుకుంటూ కూర్చున్నాడు.

నవంబరు 11న హుగ్లీ నదిలోకి వచ్చాక పెద్ద ఓడ దిగి, చిన్న పడవలో చడీచప్పుడు లేకుండా కలకత్తా చేరారు. గల్ఫ్‌లో మనవాళ్లు ఖల్లివల్లి అంటారే, సరిగ్గా ఆ పరిస్థితి. పట్టుబడితే వెనక్కి పంపేస్తారు.

మొదటి ఏడాది ఖర్చుకని 150 పౌండ్ల సరుకు వెంట తెచ్చుకున్నారు. అమ్మి తినాలి. లెక్కలన్నీ థామస్ చేతిలో ఉన్నాయి. కొద్ది వారాల్లోనే డబ్బు ఐపోయింది. థామస్ నగరంలో డాక్టరుగా దర్జాగా కాపురం పెట్టాడు. కేరీ కుటుంబం ఖర్చు తగ్గుతుందని బాండెల్ వెళ్లి, అక్కడా కుదరక మళ్లీ కలకత్తా వచ్చింది. నీలు దత్తు అనే వడ్డీ వ్యాపారి మాణిక్‌తలాలో తన తోట ఇల్లు ఊరికే ఇచ్చాడు. తలదాచుకోను చోటు చూపించింది చివరికి ఆయనే! డరోతీ, ఫెలిక్స్ రక్త విరేచనాలతో మంచం పట్టారు. రొట్టె దొరకడంలేదని అక్కచెల్లెళ్ల గొడవ. కేరీ మాత్రం మున్షీ రామ్‌రామ్ బసుతో బెంగాలీ సాగిస్తూనే ఉన్నాడు.

1794 ఫిబ్రవరిలో పడవ మీద సుందర్బన్స్‌లోకి బయల్దేరారు. పులుల అడవి. అక్కడ నేల చవగ్గా దొరుకుతుందని ఆశ. తిండి సామాన్లు అయిపోవస్తుండగా దేభట్ట దగ్గర ఒడ్డున ఓ ఇల్లు కనబడింది. కంపెనీ ఉప్పు శాఖలో పనిచేసే చార్లెస్ షార్ట్ అనే ఇంగ్లిషాయనది. మిషనరీల మీద ఆయనకేం నమ్మకం లేదు. ఐనా ఇంటిల్లిపాదినీ ఉంచుకుని అన్నం పెట్టాడు. తర్వాత కిట్టీని ఆయనే పెళ్లాడాడు. డరోతీకున్న ఒక్క తోడూ అలా అక్కడ ఆగిపోయింది.

అదే ఏడాది వేసవిలో మాల్దా వైపు ముద్నాబతిలో నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరు ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 200 రూపాయలు. ఆ పని పేరు మీదే కంపెనీ కాగితాలూ వచ్చాయి. వచ్చిన పని ఒకటి, కాగితంలో రాసిన పని ఇంకొకటి. ఈ సంగతి మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. జీతం వస్తోంది, ఇక మీరు పంపక్కర్లేదని ఇంగ్లండుకు రాస్తే, వ్యాపారంలో పడి మిషను పని మరచిపోకని అక్కడివాళ్లు మందలించారు. ఇంటి నుంచి ఉత్తరం అందడానికే ఏడాదికి పైగా పట్టింది.

ఆ అక్టోబరులో అయిదేళ్ల పీటర్ జబ్బు చేసి చనిపోయాడు. గొయ్యి తవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. కేరీ కూడా జ్వరంతో పడున్నాడు. చివరికి నలుగురు ముస్లింలు ఒప్పుకుని తవ్వారు.

డరోతీ మళ్లీ కోలుకోలేదు. 1795 నుంచి మతి చెదిరింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, కేకలు. తర్వాత్తర్వాత ఆమెను ఒక గదిలో ఉంచేవారు. పక్క గదిలో కేరీ అనువాదాలు చేసుకునేవాడు. 1807 డిసెంబరు 8న శ్రీరాంపూర్‌లో ఆమె పోయింది. ఆయన గొప్ప పనుల కింద ఈ గది కూడా ఉందని గుర్తుపెట్టుకోకపోతే కేరీ కథ సగమే అవుతుంది.

శ్రీరాంపూర్‌కు వాళ్లు 1800 జనవరిలో మారారు. అది డెన్మార్క్ వాళ్ల పట్నం, కంపెనీ చెయ్యి అక్కడ పడదు. ఆ ఏడాది డిసెంబరులో కృష్ణపాల్ అనే వడ్రంగి బాప్తిస్మం తీసుకున్నాడు. కేరీ వచ్చిన ఏడేళ్లకు మొదటి మనిషి ఆయనే.

తెలుగు నేల మీద కేరీ ఎన్నడూ కాపురం ఉండలేదు. ఐనా 1812 మార్చిలో ప్రెస్సు తగలబడినప్పుడు బూడిదైన రాతప్రతుల్లో మన తెలుగు వ్యాకరణం ఒకటి. మళ్లీ రాసి 1814లో అచ్చేశాడు. కాంప్‌బెల్ వ్యాకరణం కన్నా అది రెండేళ్లు ముందుది. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది.

కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లోనే కన్నుమూశాడు. దిగిన రోజు నుంచి మళ్లీ ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లలేదు. తల్లి ఒడిలో సముద్రం దాటొచ్చిన జబెజ్ మాత్రం మళ్లీ ఓడెక్కాడు. 1814లో, ఇప్పటి ఇండోనేసియాలోని అంబాయినాకు, మిషనరీగా.