పాము మెలికల బెంచీ కట్టిన పెద్దాయన

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక గొప్పవారి జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. జాతీయ నాయకుల గురించీ, కవుల గురించీ రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై యేళ్ళకు పైగా ఫైళ్ళకు నోట్ పెట్టిన గుమాస్తాను, నాకు అంత పాండిత్యం లేదు. అందుకని నేను స్వయంగా వెళ్ళి కూర్చున్న ఒక బెంచీ గురించీ, దాన్ని కట్టించిన ఆంటోనీ గౌడి అనే ఆయన గురించీ రాస్తున్నాను. ఆయన 1852లో పుట్టారు, నేను 1952లో పుట్టాను. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికం అంతే.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో ఉన్నప్పుడు, 2019లో నేనూ మా ఆవిడా రెండు నెలలు అక్కడ ఉన్నాము. ఒక ఆదివారం పార్క్ గ్వెల్ అనే ఉద్యానవనానికి తీసుకువెళ్ళాడు. మెట్ల మధ్యలో రంగురంగుల పెంకుల బల్లి ఒకటి, రెండు మీటర్ల పైచిలుకు పొడవున, నోట్లోంచి నీరు వదులుతూ కనిపించింది. మెట్లెక్కి ఇంకా పైకి వెళితే పెద్ద మైదానం, దాని అంచు చుట్టూ పాములా మెలికలు తిరిగిన బెంచీ, పొడవు నూట పది మీటర్ల వరకూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పితో ఉన్న నేను దానిమీద చేరగిలబడి కూర్చుంటే, నా నడుము కొలత తీసుకుని చేశారా అన్నంత హాయిగా ఉంది. మెలిక లోపలి వైపు కూర్చున్న వాళ్ళు ఎదురుబొదురుగా కబుర్లు చెప్పుకుంటున్నారు, వెలుపలి వైపు కూర్చున్న వాళ్ళు ఎవరి లోకంలో వాళ్ళున్నారు. పిల్లలు ఆ గుంటల్లో దూరి దాగుడుమూతలు ఆడుతున్నారు. దూరంనుంచి చూసి దణ్ణం పెట్టుకునే శిల్పం కాదది, కూర్చుని అనుభవించవలసినది.

గౌడిగారు కాటలోనియా ప్రాంతంలో, రెయుస్ అనే ఊరి పక్కన రాగిపాత్రలు చేసే కంచరి ఇంట 1852 జూన్ 25న జన్మించారు. అయిదుగురు సంతానంలో ఆఖరివారు. చిన్నతనంలోనే కీళ్ళవాతం పట్టి, బడికి నడిచి వెళ్ళలేక, కొన్నాళ్ళు గాడిద మీద వెళ్ళేవారట. తోటిపిల్లలు పరుగులు తీస్తుంటే ఆయన ఒకచోట కూర్చుని చెట్లనూ, నత్తలనూ, రాళ్ళనూ చూస్తూ ఉండిపోయేవారు. చదును రేకు తండ్రి చేతిలో గుండ్రని పాత్రగా మారడం కూడా ఇంట్లో రోజూ చూశారు. పెద్దయ్యాక ఆయన కట్టిన కట్టడాలలో తిన్నని గీత అరుదుగా కనిపిస్తుందంటే కారణం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

1878లో బార్సిలోనాలో ఆర్కిటెక్టుగా పట్టా పుచ్చుకున్నారు. నగరపాలక సంస్థ ఆయనకు ఇచ్చిన తొలి పనుల్లో వీధిదీపాల స్తంభాలు ఒకటి. ఆ దీపాలు 1879లో ఒక చౌకులో నిలిపారు, నేటికీ ఉన్నాయి. ఆ రోజుల్లోనే గ్వెల్ అనే బట్టల మిల్లుల యజమాని ఆయన పనిని గుర్తించి, చివరిదాకా అండగా నిలిచారు.

ఇక పార్కు కథ. బోడికొండ అని పిలిచే ఒక గుట్ట మీద ధనవంతుల కోసం అరవై ప్లాట్ల కాలనీ వేయాలని గ్వెల్‌గారి ఆలోచన. 1900లో పని మొదలైంది. మామూలుగా అయితే మనవాళ్ళు ముందు గుట్టను చదును చేస్తారు. గౌడిగారు ఆ పని చేయలేదు. కొండ వాలును అనుసరించి మెలికల దారులు వేసి, తవ్వగా వచ్చిన రాళ్ళతోనే చెట్టు బోదెల్లా వంగిన స్తంభాలు నిలిపి, వాటిపై దారులు నడిపించారు. మైదానం కింద 86 స్తంభాల మండపం కట్టారు, అది కాలనీవాసుల సంతకు ఉద్దేశించినది. పైన కురిసిన వాన ఇసుక, కంకర పొరల్లో వడగట్టబడి, ఆ స్తంభాల లోపలి గొట్టాల గుండా కిందికి దిగి, పన్నెండు లక్షల లీటర్లు పట్టే తొట్టిలో చేరుతుంది. నిండి పొర్లిన నీరు బల్లి నోట్లోంచి వచ్చేటట్టు ఏర్పాటు. పిల్లలు బొమ్మ అనుకునేది నిజానికి నీటి పథకంలో ఒక భాగం!

బెంచీ మీది రంగులు కొన్న రంగులు కావు. పగిలిన పెంకులు, కప్పులు, పళ్ళేల ముక్కలు ఏరి అతికించినవి. ఆ అతికే పనిలో జుజోల్ అనే యువ ఆర్కిటెక్టుది పెద్ద చేయి. గౌడిగారు తనకంటే చిన్నవాడైన అతనికి చాలా స్వేచ్ఛ ఇచ్చారు. సెక్షన్‌లో పైఅధికారి కింద పనిచేసిన మనకు ఈ గుణం విలువ తెలుసు.

అయితే కాలనీ దెబ్బతింది. ఊరికి దూరం, వెళ్ళడానికి బండ్లు లేవు, కట్టుకునే నిబంధనలు కఠినం. అరవై ప్లాట్లలో రెండంటే రెండే ఇళ్ళు లేచాయి. వాటిలో మాదిరి ఇంటిని ఎవరూ కొనకపోతే, 1906లో గౌడిగారే తన ముసలి తండ్రినీ, మేనకోడలినీ తీసుకుని అందులో కాపురం పెట్టారు. ఆ సంవత్సరమే తండ్రి పోయారు. 1912లో మేనకోడలూ పోయింది. తల్లీ, తోబుట్టువులూ అప్పటికే లేరు. పెళ్ళి చేసుకోలేదు. 1914లో పార్కు పని ఆగిపోయింది, 1918లో గ్వెల్‌గారూ వెళ్ళిపోయారు. ఒంటరి ఇంట్లో ఒక్క మనిషి మిగిలాడు.

ఆయనకు మిగిలింది పని ఒక్కటే. 1883లో చేపట్టిన సగ్రదా ఫమీలియా అనే మహా చర్చి నిర్మాణానికే చివరి పన్నెండేళ్ళూ అంకితమయ్యారు. తన జీవితకాలంలో అది పూర్తి కాదని ఆయనకు తెలుసు. తలపెట్టిన పద్దెనిమిది గోపురాలలో ఆయన కళ్ళారా పూర్తిగా చూసుకున్నది ఒక్కటే. చందాలు చాలక, స్వయంగా ఇంటింటికీ వెళ్ళి అడిగేవారు. బట్టల మీద ధ్యాస పోయింది, తిండి మితం. 1925లో ఇల్లు వదిలి, చర్చి దగ్గరి పనిగదిలోకే మకాం మార్చారు.

1926 జూన్ 7 సాయంత్రం రోజూలాగే ప్రార్థనకు నడిచి వెళుతూ ఉండగా ట్రాము ఢీకొని పడిపోయారు. జేబులో ఆయన ఎవరో చెప్పే కాగితం లేదు. మాసిన కోటు చూసి బిచ్చగాడనుకున్నారు. టాక్సీల వాళ్ళు ఎక్కించుకోలేదు. చివరికి పోలీసు కలగజేసుకుంటే, పేదల ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు చర్చి పురోహితుడు వెతుక్కుంటూ వచ్చి గుర్తుపట్టే సరికి ఆలస్యమైపోయింది. జూన్ 10న కన్నుమూశారు. డెబ్భై నాలుగో పుట్టినరోజుకు ఇంకా పదిహేను రోజులు ఉంది. అయిదు రోజుల కిందట టాక్సీ దొరకని మనిషి అంతిమయాత్రకు నగరమంతా కదిలి వచ్చింది. తాను కడుతున్న చర్చి నేలమాళిగలోనే ఆయనను సమాధి చేశారు.

ఈ సంగతి తెలుసుకున్నప్పుడు ఇంకెవరి కథో అనుకుని ఊరుకోలేకపోయాను. కారణం చెబుతాను. పోయిన ఏడాది ఒక తెల్లవారుజామున నడకకు వెళ్ళి, కళ్ళు తిరిగి రోడ్డు పక్కన పడ్డాను. పాత లుంగీ, చిరుగుల స్వెట్టరు, నాలుగు రోజుల గడ్డం. సెల్‌ఫోను ఇంట్లో మరిచాను. తాగి పడిపోయాడనుకుని చాలామంది దాటి వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టను, నేనూ అలా ఎందరినో దాటి వెళ్ళి ఉంటాను. చివరికి పాలప్యాకెట్లు వేసే కుర్రాడు ఆగి, నీళ్ళు తాగించి, ఆటో ఎక్కించాడు. ఏటా నవంబరులో బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికేట్ ఇస్తాము గదా. ఆ అరగంట నేను బతికున్నానని చూపడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.

గౌడిగారు పోయిన 1926లోనే ఆ కాలనీ స్థలం నగర ప్రజలందరి పార్కుగా తెరుచుకుంది. నగరపాలక సంస్థ దాన్ని 1922లో కొన్నది. అరవై కుటుంబాలకు అనుకున్న మైదానం ఇప్పుడు లోకానికంతటికీ విడిది. 1984లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. జనం తాకిడి ఎక్కువై 2013 నుండి మధ్యభాగానికి టిక్కెట్టు పెట్టారు. ఆయన చర్చి 2025 అక్టోబరులో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అయింది. ప్లాట్లు అమ్ముడుపోని లెక్కన చూస్తే ఆ పథకం నష్టం. అక్కడ కూర్చుని సేదతీరిన ముసలివాళ్ళ లెక్కన చూస్తే ఏమనాలో మీరే చెప్పండి.

2026 జూన్ 10తో ఆయన పోయి నూరేళ్ళు. ఈ సందర్భంగా మిత్రులకు నా మనవి రెండే ముక్కలు. నడకకు వెళ్ళేటప్పుడు పేరు, ఇంటివారి ఫోను నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు రాసిన చీటీ జేబులో వేసుకోండి. మా ఆవిడ నా స్వెట్టరు జేబుకు లోపలివైపు గుడ్డసంచీ కుట్టి అందులో పెట్టింది. రెండోది, రోడ్డు పక్కన మాసిన బట్టలతో పడి ఉన్న పెద్దమనిషి కనబడితే ఒక్క నిమిషం ఆగండి. ఆయన ఎంతటివాడో తెలియనవసరం లేదు. మనిషి అయితే చాలు.

ఇక సెలవు.